పాట లేని కపిల

చిన్నరంగప్పకు భయం వేస్తే ఆ కబురు ముందుగా కడుపుకే చేరుతుంది. పావగడ సంతబీదిలో అన్నతో కలిసి దర్జీ అంగడి నడుపుతూ ఎన్ని చొక్కాలకు గుండీలు కుట్టాడో అతనికే తెలియదు గానీ, అన్న నెత్తికెత్తుకొచ్చిన అపరాధ పరిశోధనల పుణ్యాన ఎన్నిసార్లు చెంబు పట్టుకుని చేలవైపు పరిగెత్తాడో మాత్రం బాగా గుర్తుంది.

ఈసారిది చెంబుతో తీరే భయం కాదు. ఎదురుగా బావిగట్టున చింతచెట్టు కింద బండిచక్రానికి కట్టేసి కూర్చోబెట్టిన మనిషి సొంత బావ బోరయ్య, అక్క లక్ష్మక్క మొగుడు. బలసముద్రంలో నరసప్ప అనే రైతు దగ్గర జీతానికి ఉంటూ ఆయన బావి మీద ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలేవాడు. నిన్న పొద్దున ఈ బావిలోనే నరసప్ప శవమై తేలాడు. మధ్యాహ్నం బొగ్గుతో నడిచే బస్సుకు బోరయ్యను మధుగిరికి తోలుకుపోతానని పోలీసు దఫేదారు కదిరయ్య ఊరంతా వినేటట్టు చెప్పేశాడు. హత్యానేరం మీద మధుగిరి బస్సు ఎక్కినవాడు మళ్ళీ దిగి ఇంటికి రావడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు.

"మా తమ్ముండ్లు ఉండారు. వాళ్ళు మా ఆయప్పను ఇడిపించుకొస్తారు" అని లక్ష్మక్క నిన్నటి నుంచి కనబడినవాళ్ళందరికీ చెబుతోంది. ఆ మాట తలపుకు వచ్చినప్పుడల్లా చిన్నరంగప్ప కడుపు ఇంకో చుట్టు మెలి తిరుగుతోంది.

అన్న ఆంజినప్పకు ఇలాంటి బాధలేవీ లేవు. మెడలో కొలతల టేపు, చెవి మీద పెన్సిలు, మొహాన తనకు తెలియనిది లోకంలో ఏముందన్న ధీమా. ఇంతకుముందు ఆయన తేల్చిన కేసులు రెండు. పూజారి గొడుగు ఎవరు ఎత్తుకుపోయారన్నది ఒకటి. ఆ గొడుగు పూజారి ఇంట్లోనే దొరికింది. సుంకమ్మ పొట్టేలు ఏమైందన్నది రెండోది. పొట్టేలు దొరకలేదు గానీ, ఆంజినప్ప ప్రశ్నలకు తట్టుకోలేక సంబంధం లేని మనిషి ఒకడు వేరే దొంగతనం ఒప్పేసుకున్నాడు. అంత పేరున్న పరిశోధకుడికి భయమెందుకు?

దఫేదారుకూ ఈ అన్నదమ్ములకూ పడకపోవడానికి కారణం దఫేదారు ఒంటిమీదే ఉంది. యుద్ధం రోజులు, గుడ్డ మీద కంట్రోలు. దొరికిన కాస్త కాకీ గుడ్డతో ఆంజినప్ప కుట్టిన నిక్కరు తొడుక్కుని కదిరయ్య నిలబడగలడు, నడవగలడు. వంగడానికి మాత్రం వీల్లేదు. అందుకే నేరం జరిగిన చోట నేలమీద ఏముందో ఆయన ఇంతవరకూ చూడలేదు. కళ్ళ ఎత్తుకు పైన ఏముందో చూసి, మిగతాది ఊహించుకుని కేసు కట్టాడు.

"ఏమప్పా దర్జీలూ, బస్సు మీకోసం నిలబడదు. చూసేదేమన్నా ఉంటే బిన్నా చూసుకోండి," అన్నాడు దఫేదారు.

"ముందు చొక్కా చూపించండి," అన్నాడు ఆంజినప్ప.

బండిలో గోనెపట్టా మీద నరసప్ప చొక్కా ఉంది. తెల్లటి కొత్త చొక్కా. వారం కిందట అన్నదమ్ములు కుట్టిచ్చిందే. చిన్నరంగప్ప దాన్ని చేతిలోకి తీసుకోగానే మనసు చివుక్కుమంది. ఆ గుండీలు తన చేత్తో కుట్టినవి. కాజాలు బాగున్నాయని నరసప్ప మెచ్చుకుని, ఇంటికి తీసుకుపొమ్మని ఒక గుమ్మడికాయ కూడా ఇచ్చాడు. నీళ్ళలో నాని ఆరినా రొమ్ము మీద రెండు పచ్చటి మరకలు పోలేదు. పేడ మరకలు. రెండో గుండీకి పొడుగాటి నల్ల వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది.

"బావిగట్టున పేడ లేకుంటే పన్నీరు ఉంటాదా? పడేటప్పుడు అంటుకున్యాది," అన్నాడు దఫేదారు.

"మరి వెంట్రుక?"

"నరసప్ప మీసం."

"ఇంత పొడుగు మీసముంటే మెడ కొలత తీసుకునేటప్పుడు నాకు అడ్డం రాదా సామీ?" అన్నాడు ఆంజినప్ప. ఆ తర్వాత ఆ వెంట్రుకను టేపుతో కొలిచి, తృప్తిగా తలాడించి, దాని సంగతే మరిచిపోయాడు. చిన్నరంగప్ప మాత్రం మరవలేదు. మరిచిపోవాలన్నా అతనికి చేతకాదు, అదొక జబ్బు.

తర్వాత బావను విచారించారు.

"మొన్న రాత్రి యాడుంటివి బావా? ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు ఆంజినప్ప.

బోరయ్య తల వంచుకున్నాడు. "గడిరాయి అవతల నాటకం ఆడతాంటే పోయినా. ఆడనే నిద్ర పట్టింది. నేను తిరిగొచ్చేతలికి ఎండ పడింది, ఈడ అరుపులు. మీ అక్కకు మాత్రం చెప్పొద్దండప్పా. ఇంక నాటకాలకు పోనని దానికి ఒట్టేసినా."

"ఉరి తీస్తారంటాంటే ఇంకా అక్క భయమేంది బావా!"

"ఉరి ఒక్కసారే కదప్పా," అన్నాడు బోరయ్య దిగులుగా.

పావగడ తాలూకా మైసూరు రాజ్యానిదే గానీ, చుట్టూ ఉన్నది మద్రాసు ఇలాకా. ఏ దిక్కుకు కాస్త గట్టిగా నడిచినా సరిహద్దు గడిరాయి దాటి ఇంకో సర్కారులో తేలతాడు మనిషి. దఫేదారు ఆ మాటే అందుకున్నాడు.

"వీన్ని సూసినోళ్ళంతా ఇంగ్లీషోళ్ళ సీమలో ఉండారు. వాళ్ళొచ్చి సాక్ష్యం చెప్పాలంటే ఈ సర్కారు ఆ సర్కారుకు రాయాల, ఆ సర్కారు ఈ సర్కారుకు రాయాల. అంతలోకి వీని తద్దినం గూడా అయిపోతాది. ఇంక కారణమంటావా, అది రెడీగా ఉండాది. కపిలెద్దుల జతను సోమారం అమ్మేస్తానని నరసప్ప బేరం కుదుర్చుకున్యాడు. ఆ బేరగాని దగ్గరికి పోవాలనే ఆ పొద్దు కొత్త చొక్కా తొడుక్కున్యాడు. ఎద్దులు పోతే వీని జీతం గూడా పోతాది. అందుకే తోసినాడు. ఆ పంచె చూడు, సగం లేదు. దరిద్రమే మనిషితో ఏమైనా చేయిస్తాది."

"అది దరిద్రం కాదు సామీ," అన్నాడు ఆంజినప్ప, వృత్తి మాట వచ్చేసరికి రోషం పొడుచుకొచ్చి. "కపిల తోలేవాడు ఎద్దులు కిందికి దిగేటప్పుడు మోకు మీద కూర్చుంటాడు. ఆ మోకు ఒరిసి ఒరిసి పంచె ఎనకవైపు, కూర్చునే చోటే చిరుగుతాది. మా బావకు ఎన్ని మాసికలు ఏసినానో నాకు తెలుసు, ఆ దేవునికి తెలుసు."

ఇంతలో గుండమ్మ మజ్జిగ ముంత తెచ్చింది. చనిపోయిన నరసప్పకు అక్క. బుడ్డగా ఉన్నప్పుడే పెళ్ళయి, ఊహ తెలియకముందే ముండమోసి, అప్పటినుంచి ఆ ఇంట్లోనే గొడ్డుగోదా చూసుకుంటూ బతికిన మనిషి. తమ్ముడి పెళ్ళాం కూడా పోయాక ఆ ఇంటికి పొయ్యి అంటించేది ఆమె ఒక్కతే. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. అయినా దఫేదారుకు పోసింది, అన్నదమ్ములకు పోసింది, చివరికి తమ్ముణ్ణి చంపాడంటున్న బోరయ్య నోటికి కూడా తన చేత్తోనే ముంత అందించింది. చిన్నరంగప్ప కళ్ళు చెమర్చాయి. ఈ గట్టు మీద మనిషన్నది ఈమె ఒక్కతే అనుకున్నాడు.

"ఈ ఎద్దులు ఎవరి మాట ఇంటాయమ్మా?" అని అడిగాడు ఆంజినప్ప.

"నాకేం తెలుసు నాయనా? ఆడది మోకు తాకితే బావి ఎండిపోతాదంటారు. గడ్డి ఏసేది, కుడితి పెట్టేది, అంతే నా పని," అని ఆమె కొంగుతో మొహం తుడుచుకుని పక్కకు పోయింది.

పక్క చేను ఓబన్నను పిలిపించారు. నిన్న తెల్లవారకముందు ఏం వినబడిందో చెప్పమన్నారు.

"కపిల ఇనపడింది. ఆ గిలక కిర్రుమంటే సచ్చినోడు గూడా లేస్తాడు," అని ఓబన్న నాలుక కరుచుకున్నాడు.

"కపిల తోలింది ఎవరు?"

"ఇంకెవరు? నరసప్పే. పాట పాడతాండె కదా. ఆయప్ప గొంతు మూడు చేన్ల అవతలికి ఇనపడతాది."

"ఏం పాట?" అన్నాడు చిన్నరంగప్ప. ఏదో ఒకటి అడగకపోతే అన్న తర్వాత తిడతాడని అడిగిన ప్రశ్న అది.

ఓబన్న నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. "ఎప్పుడూ పాడేదే... సీతమ్మోరి పాట. కాదు, అది మొన్నటిది. నిన్నేమో..." అంటూ నెత్తి గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాక అతని మొహం మారిపోయింది. "ఏమప్పా, కపిల నడిస్తే పాట లేకుండా ఉంటాదా? గిలక ఇనపడింది. పాట గూడా ఉంటాదిలే అనుకున్యా. కానీ... ఇనపడలేదప్పా. నిన్న పాట ఇనపడలేదు."

పాట లేకుండా కపిల తోలేవాణ్ణి చిన్నరంగప్ప పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎద్దు అడుగు వేయాలన్నా, మనిషి నిద్రలో జోగకుండా ఉండాలన్నా పాటే కావాలి. "అన్నా, ఇది చూడు..." అంటూ అన్న మోచేయి పట్టుకున్నాడు.

"గొంతు బాగలేదేమోలేరా! చిన్న సంగతులు పట్టుకుని ఊగులాడొద్దు," అని ఆంజినప్ప చేయి విదిలించుకున్నాడు. ఆయన బుర్రలో అప్పటికే పెద్ద ఆలోచన ఒకటి గూడు కట్టుకుని ఉంది. దఫేదారు ముందుకు పోయి రొమ్ము విరుచుకున్నాడు.

"సామీ, ఎవరో బయటోడు వచ్చి కపిల తోలినాడు, నరసప్పను బావిలోకి దొబ్బినాడు. అది జరిగే పనేనని చూపిస్తా. నేను దర్జీని. పుట్టినప్పటినుంచి ఎద్దు ముక్కుతాడు పట్టుకున్నోణ్ణి కాదు. నేనే తోలగలిగితే ఊర్లో ఎవడైనా తోలగలడు. అప్పుడు మా బావ ఒక్కణ్ణే కట్టేసేదానికి మీకు ఆధారం యాడుంటాది?"

"తోలలేకపోతే?" అన్నాడు దఫేదారు, మీసం కింద నవ్వుతూ.

"తోలలేకపోతే మీ మాటే నిజమని ఒప్పుకుంటా!"

చిన్నరంగప్ప వెనకనుంచి చొక్కా లాగాడు గానీ, అప్పటికే మాట నోరు దాటిపోయింది. కోరి తద్దినం కొనితెచ్చుకోవడమంటే ఇదే.

నరసప్ప బావి అంచున రెండు రాతి కంబాలు, వాటి మధ్య గిలక. కంబాల సందునుంచి బావి మీదికి ఒక బండ చొచ్చుకొచ్చి ఉంటుంది. నీళ్ళు తోడే తోలుసంచి పేరు బాన; దాని కింద నీళ్ళు వదిలే తొండం చిక్కుపడితే ఆ బండ మీద నిలబడి సరిచేయాలి. మనిషి ఒక్కడే పట్టే చోటు. వెనక్కి రావాలంటే ఆ కంబాల సందే దారి. గిలక మీదుగా వచ్చిన మోకు ఎద్దుల కాడికి కట్టి ఉంటుంది. ఎద్దులు వాలుదారిలో కిందికి దిగితే బాన నిండి పైకొస్తుంది. అవే ఎద్దులు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ కంబాల దాకా ఎక్కితే బాన మళ్ళీ బావిలోకి దిగుతుంది. కిందికి దిగడం ఏ ఎద్దయినా చేస్తుంది. వెనక్కి నడవడంలోనే ఉంది కపిలెద్దు చదువంతా.

ఓబన్న పుల్లోడు, మచ్చోడు అనే ఆ కపిలెద్దుల జతను తెచ్చి కాడి కట్టాడు. ఆంజినప్ప మోకు మీద కూర్చుని "హై!" అన్నాడు. ఎద్దులు దిగాయి. బాన పైకొచ్చి తొట్టిలో భళ్ళున నీళ్ళు కుమ్మరించింది. చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టారు. ఆంజినప్ప దఫేదారు వైపు చూసిన చూపు వర్ణించడానికి మాటలు చాలవు.

తర్వాత వెనక్కి నడిపించే పని మొదలైంది. "ఎనక్కి" అన్నాడు. బతిమాలాడు. గదమాయించాడు. పాట ఎత్తుకున్నాడు, పుల్లోడు ఆ పాటకు చెవులు వెనక్కి మడిచింది గానీ కాళ్ళు మాత్రం కదపలేదు. ఎదురుగా నిలబడి మూతులు పట్టి తోశాడు. మచ్చోడు ఆయన మెడలోని టేపు కొస అందుకుని నింపాదిగా నమలసాగింది.

"తప్పుకో, నీకు చేతకాదు," అని దఫేదారు తానే దిగాడు. కన్నడంలో "హిందె! హిందె!" అంటూ వెనక్కి పొమ్మని అరిచాడు. విజిల్ ఊదాడు, ఎద్దులు రెండడుగులు ముందుకు వేశాయి. ఆయనకు తిక్క రేగింది. పుల్లోడి మెడకు భుజం ఆనించి, ఒళ్ళు తెలియని కోపంలో వంగి తోశాడు. పర్రుమని చప్పుడైంది. జనం నవ్వు ఆపుకోలేకపోయారు. దఫేదారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని మెల్లగా చింతచెట్టుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"కంట్రోలు గుడ్డ సామీ," అన్నాడు ఆంజినప్ప.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. టక్కు, టక్కు. నాలుకను అంగిలికి తాటించిన చప్పుడు. పుల్లోడూ మచ్చోడూ తలలు ఎత్తాయి. కాళ్ళు వెనక్కి వేస్తూ, గీత గీసినట్టు తిన్నగా, వాలుదారి ఎక్కి కంబాల దగ్గర ఆగిపోయాయి. గిలక కిర్రుమంటూ తిరిగింది. బాన బావిలోకి దిగింది.

అందరూ చింతచెట్టు వైపు చూశారు. చక్రానికి కట్టేసి ఉన్న బోరయ్య నోరు ఇంకా కదులుతోంది.

"గొడ్లను అట్ల తోస్తే మూతులు నొస్తాయి కదప్పా," అన్నాడు అమాయకంగా.

నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఆంజినప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. బావను విడిపిస్తానని బయలుదేరి, ఊరందరి ముందు, తన చేత్తోనే బావ మెడకు ఉరి బిగించాడు. దఫేదారు నడుముకు తువ్వాలు చుట్టుకుంటూ పెద్దగా నవ్వాడు.

"ఈ ఎద్దులు ఇద్దరి మాటే ఇంటాయి. ఒకడు సచ్చినాడు. రెండోవాడు ఈడుండాడు. మేలు చేసినావప్పా ఆంజినప్పా, ఇంత మంచి రుజువు నాకు దొరికేది కాదు. బండి కట్టండ్రా!"

"సామీ, ఒక్క మాట... సామీ..." అంటూ ఆంజినప్ప ఆయన వెంట పడ్డాడు. పోతూ పోతూ తమ్ముడి వైపు తిరిగాడు. అన్న కళ్ళలో నీళ్ళు చూడడం చిన్నరంగప్పకు అదే మొదటిసారి. "రంగా, బాన నీళ్ళలోనే ఉండాది. పైకి లాగి ఎద్దుల్ని ఇప్పురా. నేను ఆయప్ప కాళ్ళయినా పట్టుకుంటా."

బోరయ్యను ఎక్కించుకున్న బండి చేనుకు అవతలి కొసన, బాట మీదికి చేరింది. జనం అటు కదిలిపోయారు. బావిగట్టున చిన్నరంగప్ప ఒక్కడే మిగిలాడు. కడుపులో నొప్పి కూడా ఆగిపోయింది; ఇక నొప్పి పుట్టి ప్రయోజనం లేదని దానికీ తెలిసినట్టుంది. అక్కకు ఏ మొహం పెట్టుకుని కనబడాలి? మేం చూసుకున్నాం అక్కా, బాగా చూసుకున్నాం అని చెప్పాలా?

ఎద్దుల్ని కిందికి దింపాడు. బాన పైకొచ్చి కంబాల దగ్గర వేలాడింది. దాన్ని విప్పాలంటే బండ మీదికి పోవాలి. అంతలో ఎద్దులు కదిలితే? అని సందేహిస్తుండగా గుండమ్మ వచ్చింది.

"నేను పట్టుకుంటా పో నాయనా. నువ్వు బానను ఇప్పు," అని ఎద్దుల ముందు నిలబడింది. పుల్లోడు ఆమె భుజానికి మూతి రాసింది.

ప్రాణం కుదుటపడి చిన్నరంగప్ప కంబాల సందులోంచి బండ మీదికి నడిచాడు. కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి. చూడకూడదనుకుంటూనే చూశాడు. భయం పోగొట్టుకోవడానికి మాట్లాడసాగాడు. మనసులో ఏదుంటే అది చెప్పుకోదగ్గ మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతేనాయె.

"పెద్దమ్మా, నాకు ఒక సంగతి కొరుకుడు పడలేదు. మా బావ తోలినా పాడతాడు, మీ తమ్ముడు తోలినా పాడతాడు. నిన్న తోలినోళ్ళు మాత్రం పాడలేదు. అయినా ఎద్దులు మాట ఇన్నాయి."

"ఇంటే?"

"ఇంటే ఏంది పెద్దమ్మా! మూడో మనిషి ఉన్నట్టే కదా. ఎద్దులకు బాగా మాలిమైన మనిషి. పాడితే గొంతు బట్టి ఊరు గుర్తుపడతాదని, నాలుక చప్పుడుతోనే తోలే మనిషి. నిన్నొక్కపొద్దే కాదు, ఎన్నోసార్లు తోలింటాది. మా బావ నాటకాలకు పోయిన రాత్రులంతా..."

"నువ్వు శానా తెలివైనోనివి నాయనా," అంది గుండమ్మ. "మీ అన్న కంటే తెలివైనోనివి."

పుట్టి ఇన్నేళ్ళయినా ఆ మాట ఎవరూ అనలేదు. ఆ బాధలో కూడా చిన్నరంగప్పకు ఒళ్ళు పులకరించింది. నవ్వుతూ తల తిప్పి చూశాడు. గుండమ్మ అటు తిరిగి, వంగి, పుల్లోడి మెడపట్టా సర్దుతోంది. ఆమె ముతక చీర వెనకవైపు, కూర్చునే చోట, ఒక మాసిక ఉంది. మాసిక మీద ఇంకో మాసిక. అదీ చిరిగి పోగులు తేలింది.

సరిగ్గా బావ పంచె చిరిగే చోటే.

పుల్లోడు తోక విదిలించింది. నల్లటి పొడుగాటి కుచ్చు. నరసప్ప రెండో గుండీకి చుట్టుకున్న వెంట్రుక ఎవరిదో, రొమ్ము మీద పచ్చటి మరకలు ఎలా పడ్డాయో చిన్నరంగప్పకు ఒక్కసారిగా అర్థమైంది. నరసప్ప కూడా ఈ బండ మీదే, ఇలాగే నిలబడి ఉంటాడు. ఆయనను మనిషి చేయి తోయలేదు.

"మీ అన్నకు చెప్పినావా ఇది?" అని అడిగింది గుండమ్మ, ఇటు తిరగకుండానే.

"ఇంకా లేదు," అన్నాడు చిన్నరంగప్ప. అనేశాక గానీ తెలియలేదు, తన జన్మలో ఇంతకన్నా తెలివితక్కువ మాట ఇంకొకటి అనలేదని.

ఆమె తిరిగింది. కళ్ళలో కోపమేమీ లేదు. మజ్జిగ పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఈ పుల్లోని తల్లి ఈనిన పొద్దే సచ్చిపోయింది. గుడ్డ తడిపి, ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టినా. కరువులో ఊరు నిద్రపోయినాక నేనే తోలి ఆ మిరపతోటను బతికించినా. పాడితే ఊరికి తెలుస్తాది, ఇంటి పరువు పోతాదని నా తమ్ముడు నోరు మూయించినాడు. పొద్దున్నే లేచి వాడు పాడేవాడు. పేరు వానికి. పోనీలే అనుకున్యా. ఈ జతను మిలిటరీ కంట్రాక్టరుకు ఇచ్చేసినాడు నాయనా. దున్నేదానికి కాదు, కోసి సిపాయిలకు వండేదానికి. కొత్త చొక్కా తొడుక్కోని వచ్చి ఆ మాట చెప్పి, తొండం చిక్కుపడింది చూస్తానని ఆ బండ ఎక్కినాడు."

"మా బావను ఉరి తీస్తారు పెద్దమ్మా!"

"తెలుసు. ఆ పాపం గూడా నాదే." నిజంగానే ఏడుస్తోంది. "కానీ నేను పోతే వీటికి గడ్డి ఎవరేస్తారు?"

చిన్నరంగప్ప కంబాల సందువైపు ఒక అడుగు వేశాడు.

టక్కు, టక్కు.

ఎద్దులు వెనక్కి కదిలాయి. గీత గీసినట్టు, తిన్నగా. వేలాడుతున్న బాన బరువుకు మోకు జారి, అతని చెవి పక్కనే గిలక కిర్రుమని కేకపెట్టింది. "అన్నా!" అని అరిచాడు. ఆ అరుపు అతనికే వినబడలేదు. చేను అవతల జనం గిలక చప్పుడుకు తిరిగి చూశారు. తువ్వాలు చుట్టుకున్న దఫేదారు చేత్తో బావి వైపు చూపిస్తూ ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. దర్జీ తమ్ముడు కూడా కపిల నేర్చుకుంటున్నాడని కాబోలు.

ఆంజినప్ప మాత్రం నవ్వలేదు. ఒక్క క్షణం వెనక్కి నడుస్తున్న ఎద్దుల్ని చూశాడు. తల తిప్పి, పక్కనే బండిలో కట్టేసి ఉన్న బోరయ్య నోటివైపు చూశాడు. ఆ నోరు మూసే ఉంది. మరుక్షణం అన్న వేరుశనగ చేనుకు అడ్డం పడి పరిగెత్తడం మొదలుపెట్టాడు, మెడలోని టేపు తోకలా వెనక ఎగురుతుంటే, పడుతూ, లేస్తూ, చేతులు ఊపుతూ.

కంబాల సందులో వెలుతురు పోయింది. రెండు ఎద్దుల పిరుదులు దాన్ని నింపేశాయి. చేను చాలా పెద్దది. అన్న ఇంకా అవతలి సగంలోనే ఉన్నాడు. బండ కొసకు జరిగి, మడమ కింద రాయి లేదని తెలిసి చిన్నరంగప్ప ఆగిపోయాడు. పుల్లోడి తోక వచ్చి అతని రొమ్ముకు తగిలింది.